ఇంటిబండికి ఎక్కని చార్జింగు

ఇంజనీరుగారు ఉద్యోగం నుంచి దిగిపోయి నాలుగేళ్ళయింది. ఆయన గొంతు మాత్రం ఇంకా దిగలేదు. విద్యుత్ శాఖలో ముప్పై ఆరేళ్ళు చలామణీ అయిన ఆ గొంతు ఇప్పుడు ఒక రేకుల షెడ్డులో, నూనె మరకల నేల మీద నిలబడి, ఎదురుగా ఉన్న ఎలక్ట్రీషియనుకి వోల్టేజీ అంటే ఏమిటో మొదటినుంచీ చెబుతోంది. ఆ ఎలక్ట్రీషియను నలభై దాటిన ఆడమనిషి. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఇరవై ఏళ్ళుగా లారీలకీ బస్సులకీ వైరింగు చేస్తూ బతుకుతోంది. ఆమెకి వోల్టేజీ పాఠం చెప్పడమంటే దర్జీకి దారం చూపించి దీన్ని దారం అంటారు అని చెప్పడమే. ఆమె మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా వింటోంది.

నర్సమ్మ షెడ్డు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆవిడ ఇంజనీరుగారి భార్య. పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరుగా చేసి ఆవిడా రిటైరైంది కానీ వీధిలో అందరికీ ఇప్పటికీ నర్సమ్మే. మొగుడి ఉపన్యాసం ఆవిడకి కొత్త కాదు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఫ్యూజుల గురించీ, ఎర్తింగు గురించీ, తడి చేత్తో స్విచ్చి ముట్టుకునే తెలివితక్కువ జనం గురించీ ఆవిడ విన్నన్ని ఉపన్యాసాలు ఆ శాఖలో జీతం తీసుకున్నవాళ్ళు కూడా విని ఉండరు.

"చూడమ్మాయ్," అంటున్నారు ఇంజనీరుగారు. "లోపల ఇల్లున్న బండి ఇది. ఇందులో రెండు రకాల బ్యాటరీలున్నాయి. ముందున్నది ఇంజన్ బ్యాటరీ. అది బండి స్టార్ట్ చెయ్యడానికి. వెనకాల ఉన్న రెండూ ఇంటి బ్యాటరీలు. లోపల లైట్లూ, ఫ్రిజ్జూ, ఫ్యానూ అన్నీ వాటిమీదే. బండి నడుస్తున్నంతసేపూ ఇంజన్ వీటిని కూడా చార్జ్ చెయ్యాలి. చేస్తోందా? చెయ్యట్లేదు. అర్థమవుతోందా నీకు?"

"అవుతోంది సార్."

"అర్థమవుతోందనే ముందు రెండు ఊళ్ళలో వాళ్ళూ అన్నారు."

ముందు రెండు ఊళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. మొదటి ఊళ్ళో ఇంజనీరుగారు షెడ్డువాణ్ణి నోరు తెరవనివ్వకుండా, బ్యాటరీలు చచ్చాయని తనే తేల్చి, రెండూ తీయించి కొత్తవి పెట్టించారు. కొత్తవి రెండు రాత్రులు పనిచేసి పాతవాటిలాగే పడుకున్నాయి. రెండో ఊళ్ళో ఇంజన్‌కీ ఇంటి బ్యాటరీలకీ మధ్య కరెంటు కలిపే రిలే పోయిందని తేల్చి అదీ మార్పించారు. మారిన రిలే డబ్బాలోంచి టక్కుమని శబ్దం రాగానే, జబ్బేమిటో కనిపెట్టిన వైద్యుడిలా నవ్వారు. ఆ సాయంత్రానికి లైట్లు మళ్ళీ మిణుకుమన్నాయి. ఆయన దృష్టిలో దీనికి కారణం ఆ షెడ్డువాడి మొహం. అలాంటి మొహం ఉన్నవాడికి పని అప్పగించడం తన పొరపాటని కూడా ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకునే పొరపాట్లన్నీ ఆ కోవలోవే.

నర్సమ్మకి లైట్ల మీద బెంగ లేదు. బెంగంతా ఊపిరి మిషను మీద. ఆవిడకి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుంది. ముక్కుకి తొడుగు పెట్టుకుని, దాని గొట్టం మిషనుకి తగిలిస్తే, అది రాత్రంతా గాలి తోస్తూ ఉంటుంది. ఒక్క రాత్రి కూడా మానవద్దని డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పక్కర్లేదు, ఇలాంటి రోగులని ఆవిడే వందమందిని చూసింది. ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె మీద ఎంత బరువు పడుతుందో ఆవిడకి తెలుసు. ఇంజనీరుగారు ఆ మిషనుకి తొండం అని పేరు పెట్టారు. మొదట్లో బంధువుల ముందు ముద్దుగా అనేవారు. బ్యాటరీలు పడుకున్నాక ముద్దు పోయి తొండమే మిగిలింది. ఇంటి బ్యాటరీలని తాగేస్తున్నది అదేనని, తీసి పెట్టెలో పెట్టమని హుకుం వేశారు. మూడు రాత్రులుగా నర్సమ్మ వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకుని కూర్చునే తెల్లవారుస్తోంది. కునుకు పట్టినప్పుడల్లా ఎవరో గొంతు నొక్కినట్టు ఉలిక్కిపడి లేస్తోంది. ఆవిడకి భయంగా ఉంది. ఆ భయం కంటే కోపం ఎక్కువగా ఉంది.

అంత అవస్థ పడుతూ వెనక్కి వెళ్దామని ఆవిడ ఎందుకనలేదంటే, ఈ ప్రయాణం చివర ఉన్నది పొట్టి. పొట్టి అంటే నర్సింగు స్కూలు హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. అది పొట్టి, ఈవిడ పొడుగు. ఆ పేర్లతోనే ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. సముద్రం అడ్డం వచ్చి రోడ్డు ఆగిపోయే ఊళ్ళో, కూతురి దగ్గర ఉంటోంది పొట్టి. మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. ఈ మధ్య గుండె కూడా మొరాయిస్తోంది. "నేను కదల్లేనే, వస్తే నువ్వే రావాలి, అదీ తొందరగా రావాలి," అని ఫోన్లో నవ్వుతూ చెప్పింది. ఇద్దరూ నర్సులే కాబట్టి ఆ తొందరకి అర్థం వేరే చెప్పుకోనక్కర్లేదు.

"అక్కా, రైలెక్కితే ఒక్క రోజు ప్రయాణం," అన్నాడు నర్సమ్మ తమ్ముడు. ఆ మాట బావగారి చెవిన పడింది. బావమరిది సలహా ఇవ్వడం, అది సరైన సలహా కావడం, రెండూ ఆయన సహించలేని విషయాలు. "మా ఆవిణ్ణి రైల్లో తోసి పంపే గతి నాకింకా పట్టలేదు," అని, ఎప్పట్నుంచో కన్నేసి ఉంచిన ఈ ఇంటిబండి కొన్నారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది అన్నీ ఉన్న బండి. పైన సోలార్ పలకలు పెట్టించుకోండి మావయ్యా అని అల్లుడు చెప్పబోతే, కరెంటు సంగతి నాకు చెప్తున్నావా అని ఆయన చూసిన చూపుకి ఆ అబ్బాయి కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రైలు ఎక్కి ఉంటే ఈపాటికి పొట్టి దగ్గర వారం ఉండి తిరిగొచ్చేది కూడా. ఎక్కనందుకు ఆవిడ తమ్ముణ్ణీ తిట్టుకోలేదు, మొగుణ్ణీ తిట్టుకోలేదు, తనని తిట్టుకుంది. ఇంకా నాలుగు వందల కిలోమీటర్లుంది. పొద్దున్నే టీ తాగుతూ ఇంజనీరుగారు తీర్పు చెప్పేశారు. "ఈ మూడో షెడ్డే ఆఖరు. ఇక్కడ కూడా కాకపోతే బండి వెనక్కే."

ఉపన్యాసం ముగిసింది. ఎలక్ట్రీషియను మీటరు చేతిలోకి తీసుకుని, "లోపలికి వెళ్ళి చూడచ్చా సార్?" అంది. ఇంజనీరుగారు తాళం తీసి, ముందు తనెక్కి, లోపల లైట్లన్నీ వెలిగించి, అప్పుడు "ఊఁ, రా" అన్నారు.

ఆమె పనిచేసే పద్ధతి నర్సమ్మకి నచ్చింది. తొందర లేదు, గొప్పలు లేవు. సీటు కింద పలక ఎత్తి బ్యాటరీల టెర్మినళ్ళు చేత్తో కదిపి చూసింది. బిగుతుగానే ఉన్నాయి. లావు ఫ్యూజు తీసి వెలుతురులో పెట్టి చూసి మళ్ళీ పెట్టేసింది. నెగెటివ్ తీగ బండి చట్రానికి బిగించిన చోట తుప్పుందేమోనని బోర్లా పడుకుని టార్చి వేసి చూసింది. మంచి వార్డు సిస్టరు కొత్త రోగి ఒళ్ళంతా అలాగే తడిమి చూస్తుంది. ఇంజనీరుగారు మాత్రం ఆమె తల మీదుగా వంగి, "అది నేను చూశాను. అదీ చూశాను. అది కూడా చూశాను," అని దండకం చదువుతూనే ఉన్నారు.

"ఒకసారి ఇంజన్ స్టార్ట్ చెయ్యండి సార్."

ఆయన ముందుకెళ్ళి స్టార్ట్ చేశారు. రిలే టక్కుమంది. మీటరు మీద అంకె పన్నెండు దగ్గర్నుంచి పాకి పధ్నాలుగు పాయింట్ ఒకటి దగ్గర నిలబడింది.

"ఎక్కుతోంది కదా సార్," అంది ఎలక్ట్రీషియను.

"అదే కదా నేను మూడు ఊళ్ళనుంచీ మొత్తుకుంటున్నది!" ఇంజనీరుగారు దిగి వచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. తన బండి బాగుపడకపోయినా సరే, బాగుచేసేవాళ్ళకి అంతుపట్టకపోతే ఆయనకి అదో తృప్తి. "నిలబెట్టి చూస్తే లక్షణంగా ఎక్కుతుంది. నేనే పదిసార్లు కొలిచాను. రోజంతా నడిపి సాయంత్రం చూస్తే అడుగంటి ఉంటుంది. అంటే ఏమిటి? ఎక్కింది ఎక్కినట్టు ఎవరో తాగేస్తున్నారు. ఎవరు? ఇదిగో, ఈవిడగారి తొండం!"

పరాయి షెడ్డులో, పరాయి మనిషి ముందు, తన జబ్బు మీద వేలు పెట్టి చూపించేసరికి నర్సమ్మకి చెవులు వేడెక్కాయి.

"ఆ మిషను రాత్రిపూట పెట్టుకునేది కదా సార్. పగలు ఎలా తాగుతుంది?" అంది ఎలక్ట్రీషియను.

"ప్రశ్నలు అడగడం తేలికేనమ్మాయ్," అన్నారు ఇంజనీరుగారు. జవాబు లేనప్పుడల్లా ఆయన అడిగినవాళ్ళ స్థాయి గురించి మాట్లాడతారు. "నీ వల్ల కాదని చెప్పేయ్. తప్పేం లేదు. ఇది లారీ వైరింగు కాదు."

సరిగ్గా అప్పుడే నర్సమ్మ సంచిలో ఫోను మోగింది. పొట్టి.

"ఏమే పొడుగూ, ఎక్కడిదాకా వెళ్ళారు వెనక్కి?" అంది.

"వెనక్కేమిటే?"

"మీ ఆయన పొద్దున ఆరింటికే ఫోన్ చేశారుగా. నీ మిషను పాడైందట, నీకు బాగాలేదట, రావట్లేదని చెప్పారు. పర్లేదులేవే. నువ్వు జాగ్రత్త. మా అమ్మాయితో పక్క వేయించాను నీకు. తీసెయ్యమన్నాలే ఇప్పుడే." దగ్గింది. "వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది అన్న మాట పొట్టి ఎంత మామూలుగా అన్నదో నర్సమ్మ గమనించింది. వార్డులో ఆఖరి మంచాలమీది వాళ్ళు సరిగ్గా అలాగే అంటారు. "పక్క తీయించకు. మళ్ళీ చేస్తాను," అని ఫోను పెట్టేసింది. ఆరింటికి ఫోన్ చేసి, ఏడింటికి టీ తాగుతూ, మూడో షెడ్డే ఆఖరు అని ఆవిడకి తీర్పు వినిపించారన్నమాట. ఈ షెడ్డుకి రావడం కూడా ఉత్తి తతంగమే. బండి బాగుపడుతుందని ఆయన అనుకోలేదు. ఎవరి వల్లా కాలేదన్న పేరు మాత్రం ఆయనకి కావాలి.

ముప్పై ఎనిమిదేళ్ళుగా నర్సమ్మ మొగుణ్ణి మనసులో తిట్టుకుంటూనే ఉంది. ఆ తిట్లన్నీ అచ్చు వేయిస్తే బీరువా నిండుతుంది. ఒక్కటీ బయటికి రాలేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లని నిలదీసిన మనిషి ఇంటి గడప దాటి లోపలికి రాగానే మూగదయ్యేది. ఆలోచిస్తే ఆవిడకి తన మీదే రోత పుట్టింది. కుర్చీలోంచి లేచింది.

"అమ్మా, నేనొక మాట చెప్పనా?" అంది, ఎలక్ట్రీషియనుతో.

"నీకేం తెలుసే, నువ్వు కూర్చో," అన్నారు ఇంజనీరుగారు అలవాటుగా.

"నడిస్తే కాలు నొప్పి అని ఒకడు వస్తాడు. వాణ్ణి మంచమ్మీద పడుకోబెట్టి, నొప్పుందా అంటే లేదంటాడు. నొప్పి లేదని రాసి పంపించేసే డాక్టర్లని నేను చాలామందిని చూశాను. వాణ్ణి లేపి నడిపించి చూడాలి. ఈ బండిని మూడు ఊళ్ళలోనూ పడుకోబెట్టే చూశారు." ఆవిడ గొంతు వార్డులోని గొంతులా ఉంది. "ఇంకోటి. పొద్దున ఫ్రిజ్జులో పాలు చల్లగా ఉంటాయి. బండి కదిలాక, మధ్యాహ్నం ఎక్కడైనా ఆగి చూస్తే విరిగిపోయి ఉంటున్నాయి. రోజూ ఇదే వరస. సాయంత్రం బండి ఆగాక ఫ్రిజ్జు మళ్ళీ బుర్రుమంటుంది."

"ఫ్రిజ్జు తలుపు గంటకోసారి తీస్తే పాలు విరక్క ఏం చేస్తాయి?" అన్నారు ఇంజనీరుగారు.

"బండి నడుస్తుంటే నేను మీ పక్కన బెల్టు పెట్టుకుని కూర్చుంటున్నాను. తలుపు తీసేదెవరు, మీ అమ్మగారా?"

చచ్చి పదేళ్ళయిన అత్తగారిని మధ్యలోకి లాగడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

ఎలక్ట్రీషియను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. "ఫ్రిజ్జు కూడా ఆగిపోతోందా అమ్మా? అంటే చార్జింగు ఒక్కటే కాదు, బండి కదిలాక ఇంట్లో అసలు కరెంటే ఉండట్లేదన్నమాట." ఇంజనీరుగారి వైపు తిరిగింది. "సార్, ఒక పని చెయ్యండి. రోజూ పొద్దున ఎలా బయల్దేరతారో ఇప్పుడు అచ్చం అలాగే బయల్దేరండి. ఒక్కటి కూడా వదలకుండా. నేను వెనకాలే ఉండి చూస్తా."

ప్రదర్శన అనేసరికి ఆయనకి హుషారొచ్చింది. శాఖలో ఏటా భద్రతా వారం జరిగేది. వారం రోజులూ స్కూళ్ళకి వెళ్ళి, వేదిక ఎక్కి, కరెంటుతో ఎలా మెలగాలో చేసి చూపించేది ఈయనే. చొక్కా చేతులు సర్దుకుని లోపలికెక్కారు. "ముందు గ్యాసు," అని వాల్వు కట్టేశారు. "తర్వాత నీళ్ళు," అని కొళాయి బిగించారు. కిటికీలు ఒక్కోటీ మూసి గొళ్ళెం వేశారు. అలమార తలుపులు నొక్కి చూశారు. తలుపు దగ్గర నిలబడి ఇంటిని నాలుగు వైపులా ఒకసారి కలియజూశారు. తర్వాత వంగి, తలుపు పక్కన మోకాలి ఎత్తులో ఉన్న ఎర్ర తాళపు చెవిని సగం చుట్టు తిప్పి, బయటికి లాగి, చొక్కా జేబులో వేసుకున్నారు. లోపల లైట్లు ఆరిపోయాయి. ఫ్రిజ్జు గుర్రు ఆగింది. దిగి తలుపుకి తాళం వేశారు. తాళాన్ని మూడుసార్లు గుంజి చూశారు. చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశారు.

ఈసారి రిలే టక్కుమనలేదు.

షెడ్డులో ఇంజన్ చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఎలక్ట్రీషియను డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఆ జేబులోది ఇలా ఇవ్వండి సార్."

"ఏది?"

"మెయిను తాళం చెవి."

నర్సమ్మకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నదే కదా. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా, ఇల్లు వదిలేముందు మెయిను తీసెయ్యాలి. లోకమంతా తలకిందులైనా ఆ నియమం తప్పదు. అందరూ చెప్పులేసుకుని వీధిలో నిలబడితే ఆయన లోపల చీకట్లో మెయిను దగ్గర నిలబడి ఉండేవారు. బయటి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఫ్రిజ్జులో మిగిలినవన్నీ కుళ్ళిపోయి కంపు కొట్టినా, ఆ నియమాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. ఇప్పుడు బండిలో కూడా అదే. పది రోజులుగా ప్రతి ఉదయం తన చేత్తో తనే ఇంటి కరెంటు కోసేసి, తాళం చెవి గుండెల మీద పెట్టుకుని, కరెంటు ఎక్కట్లేదని మూడు ఊళ్ళు తిరిగారు. సాయంత్రం ఆగగానే మెయిను వేసి, అప్పుడు మీటరు తీసేవారు. పని చూపించడానికి లోపలికెక్కిన ప్రతిసారీ ముందు మెయినే వేశారు. ఇక ఏ షెడ్డువాడికి మాత్రం జబ్బు ఎలా దొరుకుతుంది?

"ఆ రిలేకి ప్రాణం వచ్చేది ఈ మెయిను నుంచే సార్," అంది ఎలక్ట్రీషియను. "మెయిను తీసేస్తే రిలే పడుకుంటుంది. రిలే పడుకుంటే ఇంజన్ ఎంత తిరిగినా ఇంటి బ్యాటరీలకి చుక్క కరెంటు రాదు. బండిలో ఏ లోపమూ లేదు. మీరు మార్పించిన బ్యాటరీలు బాగున్నాయి. అంతకుముందువీ బాగానే ఉండుంటాయి. రిలే కూడా."

"ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు మెయిను తీసెయ్యాలి," అన్నారు ఇంజనీరుగారు. గొంతులో మొదటిసారి పదును తగ్గింది. "అది ప్రాథమిక సూత్రం. చిన్నపిల్లలక్కూడా తెలుసు."

"ఇల్లు వదిలి ఎవరెళ్తున్నారు సార్? ఇల్లే వెళ్తోంది కదా!"

"మొదటిరోజే అడిగాను," అంది నర్సమ్మ. "అది తీసెయ్యచ్చా అండీ, ఫ్రిజ్జు ఆగిపోదూ అని. కరెంటులో పుట్టి కరెంటులో పెరిగినవాడికి చెప్పొచ్చావా అన్నారు."

ఆయన మొహం కందగడ్డ అయింది. ఇంజన్ ఆపి దిగారు. ఇప్పుడైనా పొరపాటైంది అంటారేమోనని నర్సమ్మ ఎదురుచూసింది. ఆ ఒక్క మాట అంటే ఆవిడ అన్నీ మర్చిపోవడానికి సిద్ధంగానే ఉంది, అంత తేలిక మనిషి. ఆయన బండిని ఎగాదిగా చూసి, చివరికి దోషిని పట్టుకున్నారు.

"ఇది వైరింగు లోపం. మెయిను తీస్తే రిలే చచ్చేలా ఎవడు డిజైన్ చేశాడో వాడికి బుద్ధి లేదు. ఇలాంటి బండి నడపడమే ప్రమాదం. ఇంటికెళ్ళి మొత్తం విప్పించి మళ్ళీ వేయిస్తాను. పద, ఎక్కు."

"ఇంటికా?" అంది నర్సమ్మ.

"మరెక్కడికి? రావట్లేదని నీ ఫ్రెండుకి చెప్పేశాను కూడా."

ఎలక్ట్రీషియను మీటరు తీగలు చుట్టుకుంటోంది. ఆమెకి ఈ మొగుడూపెళ్ళాల గొడవ అక్కర్లేదు. కానీ పని తెలిసిన మనిషి కాబట్టి ఒక లెక్క కుదరక ఆమె బుర్ర తొలుస్తోంది. అడిగేసింది.

"నాకొకటి అర్థం కాలేదు సార్. బండి నిలబెట్టి ఇంజన్ ఆన్ చేస్తే పధ్నాలుగు వస్తోందని మీరే పదిసార్లు కొలిచానన్నారు. మరి జబ్బు దొరికేదాకా, సాయంత్రం బండి ఆపాక ఒక రెండు గంటలు ఇంజన్ అలా తిరగనిస్తే, అమ్మ రాత్రంతా మిషను పెట్టుకునేవారు కదా. మూడు రాత్రులూ ఊరికే ఎందుకు కూర్చోబెట్టారు?"

నర్సమ్మ ఊపిరి ఒక్క క్షణం పగలే ఆగింది. ఈ మాట తనకి తట్టలేదు. తనకి కరెంటు తెలియదు. ఆయనకి తెలుసు. పధ్నాలుగు వస్తోందని పదిసార్లు కొలిచింది ఆయనే. తను దిళ్ళకి ఆనుకుని గాలి కోసం నోరు తెరుచుకుని కూర్చున్న మూడు రాత్రులూ, ఇంజన్ తాళం తిప్పితే చాలు తనకి ఊపిరి వస్తుందని తెలిసి కూడా, ఆయన పక్కనే పడుకుని ఉన్నారు.

"నిలబెట్టి ఇంజన్ నడపడం పద్ధతి కాదు," అన్నారు ఇంజనీరుగారు. ఆయన ఎలక్ట్రీషియనుకే చెబుతున్నారు, భార్య వైపు చూడట్లేదు. "అది తాత్కాలిక ఏర్పాటు. లోపం కనిపెట్టకుండా తాత్కాలిక ఏర్పాట్లు చెయ్యకూడదు. నా సర్వీసులో నేనెప్పుడూ చెయ్యలేదు."

ఎలక్ట్రీషియను ఆయన్ని చూసింది. బాగుచెయ్యడానికి పనికిరాని సామాను పక్కన పడేసేముందు చూసే చూపు అది. ఆయన దగ్గర తీసుకున్న ఎర్ర తాళం చెవిని తెచ్చి నర్సమ్మ చేతిలో పెట్టి, "ఇది పెట్టి తిప్పి అలాగే ఉంచెయ్యండమ్మా. ఇంక తియ్యకండి," అని చెప్పింది.

నర్సమ్మ బండెక్కి, వంగి, తాళం చెవి పెట్టి తిప్పింది. లైట్లు వెలిగాయి. పెట్టెలోంచి మిషను తీసి, మంచం పక్కన దాని చోట దాన్ని పెట్టి, గొట్టం తగిలించి, వైరు గుచ్చింది. అన్నీ నిదానంగా, డ్యూటీ ఎక్కేముందు ట్రాలీ సర్దుకున్నట్టు చేసింది. తర్వాత దిగి, మొగుడి ముందుకొచ్చి అరచెయ్యి చాపింది.

"బండి తాళాలివ్వండి."

"దేనికి?"

"నేను నడుపుతాను."

"నువ్వా? ఇది నీ కారు కాదే. ఎంత పొడుగుందో చూశావా? వెనక ఏముందో కూడా కనపడదు."

ఆవిడకి లైసెన్సుంది. నైట్ డ్యూటీలకి ఎవరి కాళ్ళూ పట్టుకోకూడదని నలభై ఏళ్ళ వయసులో కారు నేర్చుకుంది. డ్రైవరు రాని రోజున ఆసుపత్రి వ్యాను కూడా తోలింది. ఈ బండి ముట్టుకోనివ్వకపోతే ముట్టుకోలేదు, అంతే. ఆవిడ చాపిన చెయ్యి అలాగే ఉంచింది. ఇంజనీరుగారు ఎలక్ట్రీషియను వైపు చూశారు. ఆమె షెడ్డు తలుపు రెండో రెక్క తెరవడానికి వెళ్ళిపోయింది, పెద్ద బండి కదా, బయటికి పోవడానికి చోటు కావాలి. ఆయన తాళాలు ఇచ్చారు.

నర్సమ్మ డ్రైవరు సీటు ముందుకి జరుపుకుంది. అద్దాలు సరిచేసుకుంది. ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే వెనకాల రిలే టక్కుమన్న శబ్దం స్పష్టంగా వినిపించింది. పొట్టికి ఫోన్ చేసి, "పక్క తీయించలేదుగా? రేపు మధ్యాహ్నానికి వస్తున్నాను," అని, అది ఏదో అడగబోతుంటే "వచ్చాక చెప్తా" అని పెట్టేసింది. ఇంజనీరుగారు చుట్టూ తిరిగి వచ్చి ఎడతెగకుండా గొణుక్కుంటూ పక్క సీట్లోకి ఎక్కారు. ఆ సీటు ఆయనకి అలవాటు లేదు. బెల్టు ఎక్కడుందో దొరకలేదు.

"ఎప్పుడూ నడపని బండి," అన్నారు. "నాలుగు వందల కిలోమీటర్లు. ఇది నీ వల్ల అవుతుందా? నేనిక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలా?"

నర్సమ్మ హ్యాండ్ బ్రేకు దించింది.

"మూడు రాత్రులు నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను," అంది. "ఒక్క పగలు మీరు కూర్చోండి."